అత్తగారి అద్దాల బీరువా: అమ్మాలా, వేలానికి పెట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అత్తగారు నిరుడు కాలం చేశారు. పాత ఇంటిని అపార్ట్‌మెంటుకి ఇస్తున్నాం, దసరాలోపు ఖాళీ చేయాలి. ఆవిడ అద్దాల బీరువాలో పింగాణీ దొరసాని బొమ్మలు ఓ పదిహేను దాకా ఉన్నాయి. చిన్న తెల్ల ఏనుగుల వరస, పాత కొండపల్లి దశావతారాలు, జరీ కుట్టిన రవివర్మ లక్ష్మీదేవి పటం, దేవుడి గదిలో జానెడు ఎత్తు వేణుగోపాలస్వామి విగ్రహం కూడా ఉన్నాయి. చాలావరకు మా మామగారి తండ్రి మద్రాసులో ఉద్యోగం చేసేటప్పుడు కొన్నవట. విజయవాడ నుంచి పాత సామాన్ల వ్యాపారి ఒకాయన వచ్చి చూశారు. విగ్రహాన్ని తిరగేసి చూసి, మొత్తానికి కలిపి 75 వేలు ఇస్తానన్నారు. విగ్రహం, పటం మాత్రం ముందు తీసుకెళ్లి వాళ్ల సేటుకి చూపిస్తారట. పదివేలు అడ్వాన్సు ఇవ్వబోతే ఇంకా తీసుకోలేదు. డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు కొడుకేమో, అమ్మాయి పురిటికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకు రండి, ఇక్కడ ఆక్షన్‌లో డాలర్లలో అమ్ముదాం అంటున్నాడు. మావారి దగ్గర 1818 నాటి రాముడి బొమ్మ నాణెం కూడా ఉంది. ఏం చేయమంటారు? - ఎస్., గుంటూరు

జవాబు: అడ్వాన్సు తీసుకోలేదు కదా, మంచి పని చేశారు. ఇక ముందు కూడా తీసుకోవద్దు. విగ్రహం, పటం గడప దాటనివ్వద్దు. "సేటుకి చూపించి తెస్తా" అన్న వస్తువు తిరిగి వచ్చినా, అదే వస్తువు వచ్చిందని మీరు రుజువు చేయలేరు. చూపించాల్సి వస్తే ఫోన్లో ఫొటో చాలు.

ఆయన ఏ వస్తువు కోసం వచ్చారో మీ ఉత్తరంలోనే ఉంది. ఇరవై ముప్పై వస్తువులున్న బీరువా ముందు నిలబడిన మనిషి తిరగేసి చూసింది విగ్రహాన్ని. ముందుగా పట్టుకెళ్తానన్నది విగ్రహాన్నీ పటాన్నీ. మిగతావన్నీ ఆ రెండింటి ధర కనపడకుండా ఉండటానికి పక్కన చేర్చినవి. మొత్తానికి ఒకే అంకె చెప్పడం ఈ వ్యాపారంలో పాత పద్ధతే, అందులో మోసం ఉండి తీరాలనేమీ లేదు. కానీ మీరు ఒక పని చేయండి. ఒక్కో వస్తువుకి విడిగా ధర రాసి సంతకం పెట్టివ్వమని అడగండి. వందేళ్లు దాటిన పురావస్తువుల వ్యాపారం చేసేవాళ్లకి చట్టప్రకారం లైసెన్సు ఉండాలి, అది కూడా చూపించమనండి. నాకు తెలిసినంతలో ఈ రెండు ప్రశ్నలకీ బేరం అక్కడితో ఆగిపోతుంది.

విగ్రహం సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే తేడా వస్తే మీరు కోర్టు దాకా వెళ్లే వస్తువు అది. మన దేశంలో 1972లో పురావస్తువులు, కళాఖండాల చట్టం వచ్చింది, 1976 నుంచి అమల్లో ఉంది. వందేళ్లు, అంతకు పైబడిన శిల్పం, చిత్రం, చేతిపనితనం ఉన్న వస్తువు ఏదైనా దాని లెక్కలో పురావస్తువే. రాతప్రతులూ పాత దస్తావేజులకైతే 75 ఏళ్లు చాలు. అలా వందేళ్లు దాటిన లోహ విగ్రహాలు, రాతి, కొయ్య శిల్పాలు, చిత్రాలు ఇంట్లో ఉంటే రిజిస్టరింగ్ అధికారి దగ్గర ఫొటోలతో దరఖాస్తు చేసి రిజిస్టర్ చేయించుకోవాలి. ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. దేశంలోపల అమ్మడం కూడా నేరం కాదు, చేతులు మారినప్పుడు ఆ అధికారికి తెలియజేయాలి, అంతే. దేశం దాటించడం మాత్రం ప్రైవేటు వ్యక్తులకి పూర్తిగా నిషేధం. పట్టుబడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, పైన జరిమానా, వస్తువు జప్తు.

కాబట్టి డల్లాస్ అబ్బాయి సలహా పక్కన పెట్టేయండి. పిల్లవాడు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటాడు. కానీ పురిటికి బయల్దేరిన మనిషి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకి విగ్రహం ఎక్కడిదో చెప్పుకుంటూ నిలబడటం ఎవరికి కావాలి? పైగా అమెరికాలో పేరున్న వేలం సంస్థలు ఇప్పుడు భారతీయ విగ్రహం అనగానే, అది చట్టబద్ధంగా ఎప్పుడు దేశం దాటిందో కాగితం అడుగుతున్నాయి. దొంగిలించిన విగ్రహాలు మ్యూజియాల నుంచే వెనక్కి వస్తున్న కాలం ఇది. మీ దగ్గర ఆ కాగితం ఉండదు, ఉండే అవకాశమూ లేదు.

మరి మీ వేణుగోపాలుడికి వందేళ్లున్నాయా? ఉత్తరం చదివి చెప్పే విషయం కాదది. ఇళ్లలోని పంచలోహ విగ్రహాల్లో ఎక్కువ భాగం గత అరవై డెబ్బై ఏళ్లలో పోత పోసినవే. నిజంగా తరతరాలు పూజలో ఉన్న విగ్రహానికి ముక్కు, మోకాళ్లు, చేతివేళ్లు అభిషేకాలకీ గంధం తుడుపులకీ నున్నగా అరిగిపోతాయి. చెయ్యి అందని ముడతల్లో, వీపు వెనక గీతలు మాత్రం పదునుగానే ఉంటాయి. అంతటా ఒకేలా అరిగి, అంతటా ఒకేలా నల్లబడి ఉంటే అనుమానించాలి. కొత్త విగ్రహాన్ని యాసిడ్‌లో ముంచి మట్టిలో పాతిపెట్టి పాతదిగా చేసేవాళ్లకి కొదవ లేదు. నిర్ణయం అయ్యేదాకా చింతపండు, పీతాంబరి పెట్టి తోమకండి. నూనె రాయకండి. కొనేవాడు వయసు చూసేది ఆ పైపొరలోనే. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి, అంటే ఒకప్పటి విక్టోరియా జూబ్లీ మ్యూజియానికి, ఫొటోలు తీసుకెళ్లి రిజిస్టరింగ్ అధికారి ఎవరో, దరఖాస్తు ఎలా చేయాలో అడగండి. మ్యూజియం వాళ్లు ధర చెబుతారని ఆశించకండి, వాళ్ల పని వయసూ శైలీ చూడటం. వందేళ్లు లేవని తేలితే పురావస్తు శాఖ నుంచి "ఇది పురావస్తువు కాదు" అని సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అప్పుడు అమ్మాయి దగ్గరికి పట్టుకెళ్లినా ఇబ్బంది లేదు. నన్నడిగితే, రోజూ దీపం పెట్టిన విగ్రహం అమ్మకపోతేనే బాగుంటుంది. అయితే అది మీ ఇంటి సంగతి.

తెల్ల ఏనుగుల వరస గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు టెన్షన్ పెట్టింది అదే. అవి పింగాణీవా, ఎముకవా, ప్లాస్టిక్‌వా, దంతానివా? భూతద్దం పెట్టి ఏనుగుల పాదాల అడుగున కోత భాగం చూడండి. సన్నటి గీతలు ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకుంటూ వలలా కనిపిస్తే అది ఏనుగు దంతం. చిన్న చిన్న నల్లచుక్కలు, గుంటలు ఉంటే ఎముక. ఏమీ లేకుండా నున్నగా ఉండి, మధ్యలో అచ్చు అతుకు కనిపిస్తే ప్లాస్టిక్. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబుతారు, ఆ పని చేయొద్దు. దంతం అయితే అమ్మే ప్రశ్నే లేదు. 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1986, 1991లలో వచ్చిన సవరణల తర్వాత మన దేశంలో ఆసియా ఏనుగుదైనా ఆఫ్రికా ఏనుగుదైనా దంతం అమ్మకం నేరం. తాతగారు కొన్నప్పుడు తప్పు కాకపోయినా ఇప్పుడు మీరు అమ్మితే తప్పే. అమ్ముతామని ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టినా కేసు నెత్తిన పడుతుంది. దగ్గర ఉంచుకోవడానికి కూడా అటవీ శాఖ ఇచ్చే యాజమాన్య సర్టిఫికెట్ కావాలి. అత్తగారి పాత కాగితాల్లో అలాంటిదేమైనా ఉందేమో వెతకండి. లేకపోతే ముందు ఒక వకీలుతో మాట్లాడి, ఆ తర్వాత అటవీ శాఖ ఆఫీసుకి వెళ్లండి. ఇంట్లో పులిగోరు గొలుసులాంటివి ఉంటే వాటికీ ఇదే మాట.

ఇక పటం. రవివర్మ అనగానే కోట్లు కళ్లముందు కదులుతాయి. దానికి కారణం లేకపోలేదు. 2023లో ముంబై వేలంలో ఆయన గీసిన యశోదాకృష్ణుల తైలవర్ణ చిత్రం 38 కోట్ల రూపాయలకి పోయింది. కానీ అది ఆయన చేత్తో గీసిన చిత్రం. మన ఇళ్లలో ఉన్నవి అచ్చు పటాలు. ఆయన 1894లో బొంబాయిలో లిథో ప్రెస్, అంటే రాతి అచ్చు ప్రెస్ పెట్టారు. తర్వాత అది లోనావాలా దగ్గరి మళవలికి మారింది, ఆ తర్వాత ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడి చేతికి వెళ్లింది. రవివర్మ 1906లో పోయాక కూడా ఆ ప్రెస్ దశాబ్దాల పాటు పటాలు అచ్చువేస్తూనే ఉంది. ఒక్కో రంగుకి ఒక్కో రాయి మీద బొమ్మ గీసి, ఒకదాని మీద ఒకటి అచ్చు వేసేవారు. కొన్నవాళ్లు ఇళ్లలో వాటికి జరీ, చమ్కీలు, పట్టుగుడ్డ ముక్కలు అతికించేవారు. మీది ఆ రకమే అయి ఉంటుంది, వీటిని ఇష్టపడి కొనేవాళ్లు ఉన్నారు.

పాతదా, ఈమధ్య వేసిన నకలా అన్నది ఇంట్లోనే చూసుకోవచ్చు. లక్ష్మీదేవి ముఖం మీద భూతద్దం పెట్టండి. చుక్కలు చిన్నవీ పెద్దవీ కలిసి, చేత్తో పెట్టినట్టు క్రమం లేకుండా ఉంటే రాతి అచ్చు. వరసలుగా, పువ్వుల్లా ఒకే దూరంలో ఉంటే ఇప్పటి ఆఫ్‌సెట్ అచ్చు, అందులో డబ్బు లేదు. పటం కింది అంచున ప్రెస్ పేరు ఉందేమో చూడండి, చాలాసార్లు ఫ్రేము కింద దాక్కుని ఉంటుంది. అలాగని మీరు ఫ్రేము విప్పకండి. పాత అద్దం, వెనక చెక్క, ఫ్రేము కట్టిన షాపు చీటీ కూడా వస్తువులో భాగమే. ఫొటో స్టూడియోలో ఎవరైనా "లామినేషన్ చేయిస్తే వందేళ్లు ఉంటుందండీ" అంటే చెవిన పెట్టొద్దు. లామినేషన్ చేసిన పటం ఏ వేలానికీ పనికిరాదు. మంచి స్థితిలో ఉన్న అచ్చు పటం ధర సాధారణంగా వేలల్లో ఉంటుంది. ఒకవేళ అది అచ్చు కాదు, కాన్వాసు మీద చేత్తో వేసిన రంగులే అనిపిస్తే మాత్రం ఎవరికీ చెప్పకుండా నేరుగా పెద్ద వేలం సంస్థకి ఫొటోలు పంపండి. రవివర్మ చిత్రాలు జాతీయ కళాసంపదగా ప్రకటించినవి కాబట్టి వాటిని దేశంలోనే అమ్మాలి.

దొరసాని బొమ్మల దగ్గర మీ ఆశ కాస్త తగ్గించక తప్పదు. ఒక్కోదాన్నీ తిరగేసి అడుగున ముద్ర చూడండి. దేశం పేరే లేకపోతే 1891కి ముందుది కావచ్చు, లేదా ముద్ర వేసే అలవాటే లేని ఫ్యాక్టరీది కావచ్చు. ఆ ఏడాది నుంచి అమెరికా తన దేశానికి వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని పట్టుబట్టింది, అప్పటి నుంచే ఆ అలవాటు పెరిగింది. "నిప్పాన్" (జపాన్ వాళ్లు తమ దేశాన్ని పిలుచుకునే పేరు) అని ఉంటే సుమారుగా 1891 నుంచి 1921 మధ్యది. "మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే రెండో ప్రపంచయుద్ధంలో ఓడిపోయిన జపాన్ అమెరికా సైన్యం చేతిలో ఉన్నప్పటిది. ఎగుమతులు మళ్లీ మొదలైన 1947 నుంచి 1952 దాకా ఆ ముద్ర వేశారు. చేతిలో ఒక చరిత్ర ముక్క ఉన్నట్టే, చూడటానికి నాకు భలే ఇష్టం. కానీ అవి జర్మన్ బొమ్మలకి చవక నకళ్లుగా లక్షల్లో తయారైన సరుకు. ఇప్పటికీ చాలావాటికి పలికేది వందల్లోనే.

రాయల్ డౌల్టన్ అని, పక్కన హెచ్‌.ఎన్. అనే అక్షరాలూ అంకే ఉంటే అది ఇంగ్లండు బొమ్మ. 1913 నుంచి ఆ వరస నంబర్లు ఇస్తున్నారు, ఆ అక్షరాలు అక్కడి రంగుల విభాగం పెద్ద హ్యారీ నిక్సన్ పేరువి. ఆ అంకె పట్టి బొమ్మ పేరు, తయారైన కాలం కూడా తెలుసుకోవచ్చు. జర్మనీ గోబెల్ కంపెనీ హమ్మెల్ బొమ్మలు 1935 నుంచి, స్పెయిన్ లాడ్రో బొమ్మలు 1950ల నుంచి. ఇవన్నీ ఒకప్పుడు ఎగబడి కొన్నవే. కొన్న తరం ముసలిదైపోయింది, పిల్లలకి ఆ మోజు లేదు, మార్కెట్లో సరుకు ఎక్కువై ధరలు పడిపోయాయి. వేలికి చిన్న పెచ్చు పోయినా సగం విలువ పోతుంది. అతికించిన చోటు కంటికి కనపడకపోతే గోటితో మెల్లగా రాసి చూడండి, రంగు వేసి కప్పిన చోట గరుకు తెలుస్తుంది. వీటిని అమెరికా పంపితే పోస్టు ఖర్చు బొమ్మ ధరని మించిపోతుంది. పదిహేనులో ఒకటో రెండో అరుదైనవి ఉండొచ్చు. అవి తప్ప మిగతావి చుట్టాల్లో ఇష్టపడేవాళ్లకి పంచేయడమే మేలు.

కొండపల్లి దశావతారాలు వేలానికి పెట్టే వస్తువులు కావు. అవి తప్పకుండా ఉంచుకోండి. తెల్లపొణికి కర్ర, చింతగింజల పొడి కలిపిన మక్కు అనే జిగురు ముద్ద, సున్నం పూత, దాని మీద రంగులు. పాతవైతే ఇప్పటి ఎనామిల్ మెరుపు ఉండదు. అలాంటి పూర్తి వరస దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది. తడిగుడ్డ పెడితే మక్కు వదిలేసి చేతులూ కిరీటాలూ ఊడిపోతాయి, మెత్తటి పొడి బ్రష్షుతోనే దులపండి. కొత్త రంగులు వేయించకండి. సంక్రాంతి బొమ్మల కొలువులో పై మెట్టు మీద పెట్టుకోండి.

మీవారి నాణెం సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. ఈస్టిండియా కంపెనీ రాముడి బొమ్మతోనో హనుమంతుడి బొమ్మతోనో 1818లో నాణేలేవీ వేయలేదు. అవి తర్వాత ఎవరో పోసి, తీర్థాల దగ్గరా సంతల్లోనూ అమ్మినవి. వాటికి బియ్యం గింజల్ని లాగే శక్తి ఉందంటూ రైస్ పుల్లర్ కథలు చెప్పి మన జిల్లాల్లో ఎంతమందిని ముంచారో పేపర్లో చదువుతూనే ఉన్నాం. ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకి లక్షలు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అనే ఫోన్లదీ ఇదే జాతి. పాత నోట్ల పేరుతో తన పేరు వాడుకుని ఫీజులు వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

ఇంతకీ వేలం ఎలా జరుగుతుందో కాస్త చెప్పాలి, లేకపోతే వచ్చే డబ్బు చూసి నిరాశపడతారు. మన దేశంలో శాఫ్రన్‌ఆర్ట్, ఆస్టాగురు, పుండోల్స్ లాంటి సంస్థలు ఉన్నాయి. ముందు ఈమెయిల్‌లో ఫొటోలు పంపాలి. ముందువైపు, వెనకవైపు, అడుగు, ముద్ర, పగిలిన చోట్లు, పక్కన స్కేలు పెట్టి కొలత. లోపాలు దాచకండి, వస్తువు చేతికి వెళ్లగానే ఎలాగూ తెలిసిపోతుంది. వాళ్లకి పనికొచ్చే వస్తువైతే అంచనా ధర చెబుతారు. అంతకంటే తక్కువకి అమ్మకూడదనే రిజర్వ్ ధర మీరూ వాళ్లూ కలిసి పెట్టుకుంటారు. ఇక్కడ ఎక్కువ ఆశపడి రిజర్వ్ పెంచితే వస్తువు అమ్ముడుపోకుండా మిగిలిపోతుంది. ఒకసారి మిగిలిందని అందరికీ తెలిసిన వస్తువు మరుసటి ఏడాది ఇంకా తక్కువకి పోతుంది.

ఉదాహరణకి చివరి పాట లక్షా ఇరవై వేల దగ్గర ఆగి సుత్తి పడింది అనుకోండి. కొన్నవాడి నుంచి సంస్థ దాని మీద ఇరవై శాతం దాకా అదనంగా, పైన జీఎస్టీ వసూలు చేస్తుంది. మీ వాటాలోంచి అమ్మకం కమిషన్, కొన్నిచోట్ల ఫొటోలు, రవాణా, బీమా ఖర్చులు కోసుకుంటుంది. కమిషన్ పది శాతమనుకుంటే మీకు చేరేది లక్షా ఎనిమిది వేల లోపే. అందుకే సంతకం చేసేముందు ఈ అంకెలన్నీ కాగితం మీద రాయించుకోండి. వస్తువు మిగిలిపోతే వాపసు ఖర్చు ఎవరిదో కూడా అందులో ఉండాలి. ధరలు చూసుకునేటప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు లెక్కలోకి తీసుకోకండి. ఐదు లక్షలని ఎవరైనా పెట్టొచ్చు. నిజంగా అమ్ముడైన ధరలు వేలం సంస్థల పాత ఫలితాల్లో దొరుకుతాయి.

ఇక్కడ మీ చేతిలో ఉన్న అసలు బలం మీరు గుర్తించినట్టు లేదు. మామగారి తండ్రి మద్రాసులో కొన్నారని రాశారు. ఆ బిల్లు ఒక్కటైనా ఉందా? పాత ఉత్తరాల్లో, పెళ్లి ఫొటోల్లో వెనక ఆ బీరువా కనిపిస్తుందా? మన దగ్గర స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ఎలా అడుగుతామో, పాత వస్తువు కొనేవాడు దాని చరిత్ర అలా అడుగుతాడు. 1950ల నాటి ఒక గ్రూప్ ఫొటోలో ఆ విగ్రహం కనిపిస్తే, దేవాలయం నుంచి ఈమధ్య మాయమైన విగ్రహం కాదనడానికి అదే మొదటి సాక్ష్యం. ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో ముందుగా చిత్తుకాగితాల వాడికి వెళ్లేవి ఇవే. బీరువా కంటే ముందు ట్రంకుపెట్టెల్లోని కాగితాలు ఒక వారం కూర్చుని చూడండి. వస్తువులు ఎక్కడున్నవి అక్కడ ఉండగానే ఫొటోలు తీసుకోండి. తర్వాత కదపండి.

పన్ను మాట. ఇంట్లో మంచాలూ కుర్చీలూ అమ్ముకుంటే లాభం మీద పన్ను ఉండదు. చిత్రాలు, శిల్పాలు, కళాఖండాలకి మాత్రం ఆ మినహాయింపు లేదు. వారసత్వంగా వచ్చినవి కాబట్టి అత్తగారు, మామగారు ఉంచుకున్న కాలం కూడా కలుస్తుంది. 2001 ఏప్రిల్ 1 నాటి విలువని కొన్న ధరగా చూపించుకోవచ్చు, దానికి రిజిస్టర్డ్ వాల్యుయర్ సర్టిఫికెట్ తీసుకోండి. ఆ పైన వచ్చిన దీర్ఘకాలిక లాభం మీద పన్ను ఇప్పుడు 12.5 శాతం. ఆడిటర్‌కి అమ్మకముందే చూపించండి.

చివరిగా, మీ ఉత్తరంలో ఆడపడుచు కొడుకు ఉన్నాడు గానీ ఆడపడుచు లేరు. అవి మీ అత్తగారి సొత్తు అయితే, ఆవిడ వీలునామా రాయకపోతే, వాటిలో మీవారితో పాటు ఆడపిల్లలకీ, మామగారు ఉంటే ఆయనకీ సమాన వాటా ఉంది. వేలం సంస్థ కూడా అమ్మే హక్కు మీకే ఉందని సంతకం అడుగుతుంది. కాబట్టి వ్యాపారిని మళ్లీ పిలిచేముందు ఆవిడకి ఫోన్ చేసి రమ్మనండి. అందరూ కూర్చుని వస్తువుల పట్టీ రాయండి, పక్కన ఎవరికేది కావాలో రాయండి, అమ్మేవాటికి అందరూ సంతకాలు పెట్టండి. పాత బిల్లులు, ఫొటోలు ఆ వస్తువు ఎవరి వాటాకి వెళ్తే వాళ్లకే ఇవ్వండి, మీ దగ్గర జిరాక్సు ఉంచుకోండి.